పాల్మే హత్య మీద పుస్తకం రాస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మే హత్య గురించి తెలుగులో పుస్తకం రాయడం చిన్న సాహసం కాదు. నీ వాక్యం శుభ్రంగా ఉంది, చదివిస్తుంది. ఆ సంగతి ఇక మళ్ళీ ఎత్తను, మిగతా ఉత్తరమంతా దిద్దుబాట్లే.

మొదటి అధ్యాయం చివర "హంతకుడెవరో 2020లో ప్రపంచానికి తెలిసిపోయింది" అని రాశావు. ఆ వాక్యం తీసెయ్యి. 2020 జూన్ 10న ప్రాసిక్యూటర్ క్రిస్టర్ పెటర్సన్ పత్రికల వాళ్ళ ముందు చెప్పింది స్టిగ్ ఎంగ్‌స్ట్రోమ్ అనే అనుమానితుణ్ణి దాటి వెళ్ళలేకపోతున్నామని, అతను చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తున్నామని. ఎంగ్‌స్ట్రోమ్ పోయింది 2000లో. విచారణ జరగలేదు. తుపాకి దొరకలేదు. అతను కాల్చాడని చెప్పే శాస్త్రీయ ఆధారం ఒక్కటీ చూపలేదు. ప్రాసిక్యూటర్ నమ్మకం కోర్టు తీర్పు కాదు. చనిపోయినవాడు వకీలును పెట్టుకోలేడు, ఎదురు ప్రశ్న వేయలేడు. అతని తరఫున ఆ ప్రశ్న వేయాల్సింది పుస్తకం రాసేవాళ్ళే. నువ్వు వేయలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. హంతకుణ్ణి మొదటి అధ్యాయంలోనే పట్టేసుకుంటే, తర్వాత వచ్చే సిద్ధాంతాలన్నీ పాఠకుడికి వెర్రితనంలా కనబడతాయి. అవి వెర్రితనాలు కావు. ఒక్కోదాన్ని చదువుకున్నవాళ్ళు, బాధ్యత గలవాళ్ళు, ఏళ్ళ తరబడి నిజంగా నమ్మారు. ఎందుకు నమ్మారో చెప్పగలిగితేనే నీ పుస్తకం నిలబడుతుంది.

అందుకే ముందు ఆ రాత్రి రాయి. నువ్వు అరపేజీలో తేల్చేశావు, నాకు కనీసం పది పేజీలు కావాలి. 1986 ఫిబ్రవరి 28, శుక్రవారం. ప్రధానమంత్రి పగలే అంగరక్షకులను పంపించేశాడు. సాయంత్రం భార్య లిస్‌బెత్‌తో కలిసి సినిమాకు వెళదామని అనుకున్నారు. స్వియావేగెన్ వీధిలోని గ్రాండ్ థియేటర్‌కు కొడుకు, అతని స్నేహితురాలు కూడా వచ్చారు. ఆట వదిలాక పిల్లలు ఒకవైపు వెళ్ళారు, భార్యాభర్తలిద్దరూ ఇంటికి నడక మొదలుపెట్టారు. మధ్యలో వీధి దాటి అవతలి పక్కకు వెళ్ళి ఒక దుకాణం అద్దంలోకి చూశారు. టన్నెల్‌గాటన్ మూల దగ్గరికి వచ్చేసరికి రాత్రి 11:21. వెనక నుంచి, చెయ్యి చాచితే అందేంత దూరంలో ఒకడు కాల్చాడు. మొదటి తూటా పాల్మే వీపులో దిగింది, రెండోది లిస్‌బెత్‌ను రాసుకుంటూ పోయింది. ఆ మనిషి పక్క వీధిలోకి పరిగెత్తి, మెట్లెక్కి మాయమయ్యాడు. ఆస్పత్రిలో పాల్మే మరణాన్ని ధ్రువీకరించేసరికి అర్ధరాత్రి దాటింది.

ఈ మాత్రం నీకూ తెలుసు. కానీ ఇందులో ఉన్న ప్రశ్నను నువ్వు గుర్తించినట్టు లేదు. ఆయన ఆ వేళకు ఆ మూలమీదికి వస్తాడని కాల్చినవాడికి ఎలా తెలిసింది? సినిమా సంగతి ముందుగా ఎక్కడా ప్రకటించింది కాదు. కుట్ర అంటే ఎవరో ఇంటి దగ్గర నుంచో థియేటర్ దగ్గర నుంచో కాపు కాసి ఉండాలి, లేదా ఫోన్లు వినుండాలి. కుట్ర లేదు, ఒంటరివాడే అంటే, అంత చలిలో .357 మాగ్నం తూటాలు పేల్చే రివాల్వర్ జేబులో పెట్టుకుని తిరుగుతున్న మనిషికి దేశ ప్రధాని అనుకోకుండా ఎదురుపడి ఉండాలి. రెండూ కష్టమే. ప్రతి సిద్ధాంతాన్నీ ఈ ప్రశ్న ముందు నిలబెట్టు. ఎంగ్‌స్ట్రోమ్‌నూ నిలబెట్టు. అతను ఆ వీధిలోనే ఉన్న స్కాండియా బీమా కంపెనీలో గ్రాఫిక్ డిజైనర్. హత్యకు కొద్ది నిమిషాల ముందే ఆఫీసు నుంచి బయటపడ్డాడు. చేతిలో తుపాకి ఎందుకున్నట్టు? ఆయన వస్తున్నాడని తెలిసిందెప్పుడు? దీనికి గట్టి జవాబు నీ అధ్యాయంలో లేదు, ప్రాసిక్యూటర్ దగ్గరా లేదు.

పోలీసుల వైఫల్యాన్ని నువ్వు బాగా రాశావు. హత్యాస్థలం చుట్టూ తాడు చాలా తక్కువ మేర కట్టారు, జనం దగ్గర దాకా వచ్చేశారు. రెండు తూటాలూ తర్వాతి రోజుల్లో దారిన పోయేవాళ్ళకు దొరికాయి తప్ప పోలీసులకు కాదు. ఆ భాగంలో కోపం కాస్త తగ్గిస్తే చాలు, సంగతులే మాట్లాడతాయి.

ఇక సిద్ధాంతాలు. నువ్వు వాటిని బలాన్ని బట్టి వరసపెట్టావు, నీకు నమ్మకం లేనివి ముందు, ఉన్నది చివర. అలా వద్దు, కాలక్రమంలో పెట్టు. ఏ సిద్ధాంతం ఏ ఏడాది ఎవరికి అవసరమైందో అప్పుడు కనబడుతుంది.

దర్యాప్తు నడిపిన స్టాక్‌హోమ్ పోలీసు అధిపతి హాన్స్ హోల్మేర్, టర్కీ ప్రభుత్వంతో సాయుధంగా పోరాడుతున్న కుర్దుల పార్టీ పి.కె.కె.నే గట్టిగా అనుమానించాడు. 1987 జనవరి 20న కుర్దులను పెద్ద సంఖ్యలో పట్టుకెళ్ళి ప్రశ్నించి, ఆధారం లేక వదిలేశారు. కొద్ది వారాలకే హోల్మేర్ తప్పుకున్నాడు. అక్కడితోనూ అది చావలేదు. మరుసటేడు ఎబ్బె కార్ల్‌సన్ అనే పుస్తక ప్రచురణకర్త అదే దారిలో సొంత దర్యాప్తు నడుపుతున్నాడని, అతనికి ప్రభుత్వంలో పైవాళ్ళ అండ ఉందని బయటపడి, న్యాయశాఖ మంత్రి అన్నా గ్రేటా లేయోన్ రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. ఇంత కథను నువ్వు ఎనిమిది వాక్యాల్లో దాటేశావు. తల్లీ, పరాయి దేశంలో పరాయి పేరుతో బతుకుతున్నదానివి నువ్వు. దేశమంతా శోకంలో ఉన్నప్పుడు తెల్లవారుజామున తలుపు కొట్టించుకున్న శరణార్థి కుటుంబానికి ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఆ ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఇప్పుడు నడివయసులో ఉంటారు, నీ ఊళ్ళోనే ఉంటారు. వెళ్ళి కలువు, వాళ్ళు మాట్లాడితే విను. హంతకుడు దొరకని హత్య చుట్టుపక్కల ఎంతమందిని గాయపరుస్తుందో చెప్పే అధ్యాయం అది. ఈ కేసు మీద వచ్చిన పుస్తకాలకు లెక్కలేదు, ఆ కుటుంబాల మాట తెలుగులో రాసినవాళ్ళు మాత్రం నాకు కనబడలేదు.

తర్వాత క్రిస్టెర్ పెటర్సన్. ప్రాసిక్యూటర్ పేరూ ఇదే వినబడుతుంది కాబట్టి పాఠకుడు తికమక పడకుండా జాగ్రత్తపడు. ఇతను తాగుడికి, మత్తుమందులకు అలవాటుపడినవాడు, అంతకుముందు ఒక మనిషిని చంపి శిక్షపడినవాడు. 1988 డిసెంబరులో అరెస్టు చేశారు. గుర్తింపు పరేడులో లిస్‌బెత్ అతన్ని చూపించింది. అయితే అనుమానితుడు తాగుబోతు అని ఆమెకు ముందే తెలిసింది. తాగుడెవరిదో చూస్తేనే తెలుస్తోంది అన్న అర్థంలో ఒక మాట ముందు అని, ఆ తర్వాతే ఎనిమిదో నంబరును చూపించింది. 1989 జులైలో కింది కోర్టు శిక్ష వేసింది. ఆ తీర్పు ఎలా చీలిందో నువ్వు రాయనే లేదు! న్యాయశాస్త్రం చదివిన ఇద్దరు న్యాయమూర్తులూ విడుదల చెయ్యాలన్నారు, ప్రజల నుంచి వచ్చిన సభ్యులు దోషి అన్నారు, వాళ్ళ సంఖ్య ఎక్కువ. నవంబరులో అప్పీలు కోర్టు అందరూ ఒక్క మాటగా విడుదల చేసింది. మన దేశంలో నానావతి కేసు (భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారిని జ్యూరీ నిర్దోషి అన్న కేసు) తర్వాత జ్యూరీల గురించి నడిచిన వాదన తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది వెంటనే పడుతుంది. ఆ రెండు తీర్పులూ తెప్పించుకుని స్వీడిష్‌లోనే చదువు. నీకు ఆ భాష వచ్చు, ఇక్కడ కూర్చున్న నాకు రాదు.

లిస్‌బెత్ గురించి ఒక మాట. ఆమె పొరబడిందని చెప్పే హక్కు నీకుంది. అబద్ధం ఆడిందనే ధ్వని మాత్రం ఎక్కడా రానివ్వకు. పక్కనే నడుస్తున్న భర్త కూలిపోయిన క్షణంలో చూసిన ముఖం అది. 2018లో పోయేదాకా ఆమె తన మాట మీదే ఉంది. ఆ నమ్మకాన్ని గౌరవిస్తూనే అది సాక్ష్యంగా ఎందుకు చాలలేదో చెప్పు.

దక్షిణాఫ్రికా అధ్యాయంలో నీకు ఉద్వేగం ఎక్కువైంది. హత్యకు వారం ముందు, ఫిబ్రవరి 21న, పాల్మే దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా స్టాక్‌హోమ్‌లో పెద్ద ప్రసంగం చేశాడు. పదేళ్ళకు దక్షిణాఫ్రికా పోలీసు అధికారి యూజీన్ డి కాక్ కోర్టులో నిలబడి ఇది మా దేశపు గూఢచారుల పనే అన్నాడు. స్వీడన్ దర్యాప్తువాళ్ళు అక్కడికి వెళ్ళారు, నిరూపించదగిందేదీ చేతికి రాలేదు. అక్కడి ప్రభుత్వానికి కారణం ఉంది, అలాంటి పనులు చేసిన చరిత్రా ఉంది. ఈ రెండూ కలిస్తే అనుమానం బలపడుతుంది, అంతవరకే. నువ్వు "నిప్పు లేనిదే పొగ రాదు" అని ముగించావు. హత్య గురించి రాసేవాళ్ళు ఆ సామెతను దగ్గరికి రానివ్వకూడదు. ఈ కేసులో హత్య తామే చేశామని చెప్పుకున్నవాళ్ళు 134 మంది. అంత పొగకు నిప్పేదీ? మొదట్లో పట్టుకుని వదిలేసిన 33 ఏళ్ళ మనిషి సంగతీ అంతే. అతను తర్వాత అమెరికా వెళ్ళి 1993లో అక్కడే హత్యకు గురయ్యాడు. నోరు నొక్కేశారని ఎందరో రాశారు. విచారణలో తేలింది, ఒక ఆడమనిషి విషయంలో అసూయతో ఒక మాజీ పోలీసు చేసిన పని అని. ఈ ఉదాహరణ తప్పకుండా వాడు.

ఇప్పుడు బోఫోర్స్. నీ పుస్తకాన్ని ఇక్కడ అమ్మేది ఈ అధ్యాయమేనని నీకు ఎవరో చెప్పినట్టున్నారు, అందుకే అన్నిటికన్నా పెద్దదిగా రాశావు. సిద్ధాంతంగా ఇది బలహీనం, సంబంధంగా చాలా గట్టిది. ఆ రెంటినీ విడదియ్యి. పాల్మే, రాజీవ్ గాంధీ అణ్వాయుధాలకు వ్యతిరేకంగా ఆరు దేశాల కూటమిలో కలిసి పనిచేశారు. స్వీడన్ ఆయుధ కంపెనీ బోఫోర్స్‌తో భారత్‌కు 410 హవిట్జర్ ఫిరంగులకు సుమారు 1,437 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది 1986 మార్చి 24న, అంటే పాల్మే పోయిన నెలలోపే. 1987 జనవరిలో స్వీడన్ ఆయుధ ఎగుమతుల తనిఖీ అధికారి ఆల్గెర్నోన్ స్టాక్‌హోమ్ మెట్రోలో రైలు కింద పడి చనిపోయాడు. ఏప్రిల్ 16న స్వీడిష్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. ఈ తేదీలను పక్కపక్కన పేరిస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. పాల్మేకు ముడుపుల సంగతి తెలిసి అడ్డుపడ్డాడని, అందుకే చంపారని నువ్వు అల్లుకున్నది ఆ జలదరింపులోంచే. చనిపోయిన రోజున ఆయన ఇరాక్ రాయబారిని కలిశాడన్నది కూడా అందులో కలిపావు. ఆయన ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఐక్యరాజ్యసమితి తరఫు మధ్యవర్తి, ఆ రాయబారిని కలవడంలో వింతేముంది? పాల్మే అడ్డుపడ్డాడనడానికి ఒక కాగితం చూపించు, అప్పుడు నమ్ముతాను.

దాని బదులు రాయగలిగింది చాలా ఉంది. ముడుపుల దర్యాప్తు చేసిన స్వీడన్ పోలీసు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్ పత్రికలకు కాగితాలు ఇచ్చింది తానేనని 2012లో పేరుతో సహా బయటికి వచ్చాడు. ఆ కాగితాల కదలికకు ఇక్కడ దేశం దద్దరిల్లింది. అప్పటి లోక్‌సభలో ప్రతిపక్షాల్లో అతి పెద్దది తెలుగుదేశం, ప్రతిపక్షాల కూటమి నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు ఎన్.టి. రామారావు. తీరా 1989లో దేశమంతా కాంగ్రెస్‌ను దించితే ఆంధ్రప్రదేశ్ ఆ పార్టీకే పట్టం కట్టింది. ఈ కథ మన పాఠకుడిది, రుజువున్న కథ. దీన్ని పాల్మే శవం మీద నుంచి నడిపించాల్సిన పనిలేదు.

రుజువైన హత్యలకు కూడా సిద్ధాంతాల బెడద తప్పదని ఒక పుటలో చెప్పొచ్చు. రాజీవ్ గాంధీ 1991 మే 21న విశాఖపట్నం నుంచి విమానంలో మద్రాసు వెళ్ళి, ఆ రాత్రే శ్రీపెరుంబుదూరులో హతుడయ్యాడు. ఎవరు చేశారో దర్యాప్తు తేల్చింది, సుప్రీంకోర్టు దోషులను ఖరారు చేసింది, అయినా వెనక ఇంకెవరున్నారన్న మాట ఆగలేదు. ఆ కేసులో ప్రశ్న నేరస్థుల వెనకవాళ్ళ గురించి, పాల్మే కేసులో తుపాకి పట్టుకున్నవాడి గురించే. తేడా పాఠకుడికి అందేలా రాయి, ఒక పుటకు మించొద్దు.

వాక్యాల్లో ఒక లోపం సరిచేసుకో. పోలీసు చెప్పింది, కోర్టు తేల్చింది, పత్రిక రాసింది, నువ్వు ఊహించింది, అన్నింటికీ "అని తెలిసింది" వాడేశావు. ఎవరు చెప్పారో ప్రతిసారీ కర్తతో రాయి. వాక్యం బరువెక్కితే ఎక్కనీ.

హత్యకు కాలపరిమితి దాటనివ్వకూడదని స్వీడన్ 2010లో చట్టమే మార్చుకుంది, లేకపోతే 2011తో ఈ కేసు గడువు తీరిపోయేది. దర్యాప్తు కాగితాలు అరల్లో పేరిస్తే 250 మీటర్లు. అవన్నీ చదవడం ఎవరి తరమూ కాదు, నువ్వూ చదవబోకు. ఆ రాత్రి సాక్షుల వాంగ్మూలాలు, రెండు తీర్పులు, ప్రభుత్వం వేసిన సమీక్షా సంఘం నివేదిక, ఇవి చాలు.

ఎంగ్‌స్ట్రోమ్ అధ్యాయం ప్రస్తుతానికి పక్కన పెట్టు. కుర్దుల అధ్యాయం ముందు రాసి పంపించు. మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్ళు పేర్లు వద్దంటే పేర్లు మార్చు, ఆ మార్చిన సంగతి అధ్యాయం మొదట్లోనే చెప్పు.

ఆశీస్సులతో,
నీ బాబాయ్