తేలిక రివాల్వర్ అడుగుతున్నారు కదా, మా ఇస్త్రీ బండి దగ్గర జరిగింది వినండి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో లైసెన్సు చేతికొచ్చింది, వ్యాపారం పని మీద డబ్బుతో తిరుగుతుంటారు, ప్యాంటు జేబులో పట్టే తేలికైన పొట్టి రివాల్వర్ ఏది కొనాలి? అమెరికాలో ఉన్న మీ బావమరిది స్మిత్ అండ్ వెస్సన్ 642ని మించింది లేదన్నారు. ఇక్కడ దుకాణంలో మీకు మన దేశంలోనే చేసే నిర్భీక్ రివాల్వర్ చూపించారు.

నేను చెప్పేది ఒకటే. తేలికది వద్దు. బరువైనదే కొని నడుముకు కట్టుకోండి. తేలికదాన్ని ఆరేళ్లు జేబులో మోసినవాడిగా చెబుతున్నాను.

మీ బావమరిది మాట తప్పని అనను. ఆయన ఉన్న చోటికి అది సరిపోతుంది. 642 ఫ్రేము అల్యూమినియం మిశ్రమం, బరువు సుమారు 415 గ్రాములు, గొట్టం రెండంగుళాలకు కాస్త తక్కువ, ఐదు తూటాలు పడతాయి. తూటాను పేల్చడానికి వెనక నుంచి కొట్టే సుత్తి లాంటి హామర్ లోపలే దాగి ఉంటుంది కాబట్టి బయటికి తీసేటప్పుడు జేబు గుడ్డకు తగులుకోదు. అమెరికావాళ్లకు ఈ పొట్టి రకం కొత్త కాదు. 1927లోనే కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ వచ్చింది, 1950లో స్మిత్ అండ్ వెస్సన్ చీఫ్స్ స్పెషల్ వచ్చింది. అప్పటి నుంచి బరువు తగ్గించడమే పనిగా పెట్టుకున్నారు. 2009లో రూగర్ వాళ్లు కొంత భాగం ప్లాస్టిక్‌తో చేసి ఎల్‌సీఆర్‌ను 383 గ్రాములకు దించారు. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ల 340 పీడీ అయితే 330 గ్రాముల దగ్గరే ఉంటుంది. అయితే ఇవేవీ మన చేతికి రావు. .38 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు) రివాల్వర్‌ను మన దగ్గర మామూలుగా నిషేధిత బోరు కిందే లెక్కవేస్తారు. పైగా 1980ల మధ్య నుంచి మామూలు మనిషి సొంతానికి విదేశీ తుపాకీ తెప్పించుకోవడం దాదాపు ఆగిపోయింది. తాతల కాలం నాటి వెబ్లీ స్కాట్ .32 చేతులు మారితే లక్షల్లో పలికేది అందుకే. అమెరికా వీడియోలు చూసి ఇక్కడ తుపాకీ ఎంచుకోవడమంటే అక్కడి వాన చూసి ఇక్కడ నాట్లు వేసుకోవడమే. ఈ మధ్య లైసెన్సు తీసుకునే కుర్రాళ్లందరిదీ ఇదే వరస. చట్టం చదవరు, వీడియోలు మాత్రం వంద చూస్తారు.

మనకు మిగిలేది .32. నిర్భీక్ 2014లో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, ఆరు తూటాలు, బరువు సుమారు 500 గ్రాములు. వచ్చినప్పుడు ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పట్టాలని చేశామన్నారు. ఈషాపూర్‌లో చేసే నిడర్ ఇంకా తేలిక, 250 గ్రాములే, కానీ అది .22. 2023లో వచ్చిన ప్రబల్ .32యే, 700 గ్రాములు, తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. గొట్టం 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు. మీ బావమరిది చెప్పే పొట్టి రివాల్వర్ లెక్కలోకి అది కూడా రాదు.

ఇక నా సంగతి. మాది హిందూపురం వైపు. బెంగళూరు చిక్‌పేటలో పట్టుచీరల హోల్‌సేల్ దుకాణం పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. నెలకు రెండుసార్లు ధర్మవరం వెళ్లి మగ్గాలవాళ్లకు డబ్బు ఇచ్చి రావాలి. ఇప్పుడు సగం ఫోన్లోనే పంపిస్తున్నాం కానీ, శ్రావణానికి ముందు, పెళ్లిళ్ల సీజన్లో నోట్లు మోయక తప్పదు. ఒకసారి పెనుకొండ దాటాక ఒక కారు మా వెనక ఇరవై కిలోమీటర్లు అంటుకుని వచ్చింది. ఏమీ జరగలేదు, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాతే లైసెన్సుకు పెట్టుకున్నాను. ధర్మవరం ఆంధ్రలో ఉంది కాబట్టి ఆ రాష్ట్రంలో కూడా చెల్లేలా రాయించుకున్నాను. మీరు కూడా ఇది చూసుకోండి. లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. హోసూరు దారిలో అత్తిబెలె దాటితే తమిళనాడని చాలామందికి గుర్తుండదు.

మొదట కొన్నది కాన్పూర్ .32 పాత రకం, 700 గ్రాముల దాకా ఉండేది. తోలు పౌచ్‌లో పెట్టి కుడి నడుముకు కట్టి, పైన వదులు చొక్కా వేసేవాణ్ణి. కూర్చుంటే పక్కటెముకకు గుచ్చుకునేది, కారు సీటు బెల్టుకు అడ్డొచ్చేది. మా ఆవిడ రోజూ సణిగేది. 2016లో అది అమ్మేసి నిర్భీక్ తీసుకున్నాను. మా వీధి టైలరుతో ప్యాంటు కుడి జేబుకు మందపాటి ఖాకీ గుడ్డ వేయించాను, ఫోన్ కోసమని చెప్పి. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకునేలా తోలు తొడుగు కుట్టించాను. ఆ జేబులో అది తప్ప ఇంకేమీ పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను. పెట్టుకున్నానే గానీ, ఒకసారి శుభ్రం చేద్దామని తెరిస్తే సిలిండర్ వెనక నక్షత్రంలా ఉండి, కాల్చిన తూటా తొడుగులను బయటికి తోసే ఎక్స్‌ట్రాక్టర్ కింద మూడు వక్క పలుకులు, దారం పీచు ఉండలు కనిపించాయి. వక్కపొడి పొట్లం అదే జేబులో ఎన్నాళ్లు తిరిగిందో నాకు తెలియనే లేదు. ఒక్క పలుకు అక్కడ ఇరుక్కుంటే తూటా పూర్తిగా కూర్చోదు, సిలిండర్ తిరగడం కష్టమవుతుంది. నా ప్రాణం కోసం కొన్న వస్తువును వక్క పలుకు ఆపేయగలదని అప్పుడు అర్థమైంది.

అంతకంటే పెద్దది 2022లో జరిగింది.

ధర్మవరం నుంచి రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరాను. మాది హనుమంతనగర్‌లో రెండో అంతస్తు. ఒళ్లు అలిసిపోయి ప్యాంటు విప్పి కుర్చీ మీద పడేసి పడుకున్నాను. పాత బరువైనదైతే ప్యాంటు విప్పక ముందే నడుము నుంచి తీయాలి, తీయకపోతే బెల్టే ఊడదు. ఇది అలా కాదు. ప్యాంటుతో పాటే వచ్చేసింది, పౌచ్ విప్పే పని లేదు, చప్పుడు లేదు. బీరువాలో పెట్టి తాళం వేయడం అలవాటే, కానీ ఆ రాత్రి ఆ అలవాటును గుర్తు చేయడానికి ఒంటి మీద బరువే లేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు స్నానం చేసి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. "ప్యాంటు ఏదీ?" అన్నాను. "ఇస్త్రీకి వేశానండీ, పన్నెండు బట్టలు, దుప్పట్లో మూట కట్టి ఇచ్చేశాను" అంది మా ఆవిడ. నాకు కాళ్లు ఆడలేదు. బనీను మీదే మెట్లు దిగాను. లిఫ్టు కోసం ఆగలేకపోయాను.

మా సందు చివర కానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి ఉంటుంది. నడిపేది కుప్పం వైపు నుంచి వచ్చిన ఒకామె, నలభై ఏళ్లుంటాయి, ఎనిమిదేళ్లుగా మా బట్టలు ఆమే చేస్తుంది. నేను వెళ్లేసరికి బొగ్గుల పెట్టె పక్కన రాయి మీద పెట్టేసి ఉంది. పని చేయడం లేదు. స్టూలు మీద కూర్చుని, తన టిఫిన్ డబ్బా సంచిని రెండు పాదాల మధ్య ఇరికించుకుని ఉంది. ఇంకెవరో చొక్కాలు ఇవ్వడానికి వస్తే "తర్వాత రాండి" అని పంపించేస్తోంది. నన్ను చూసి లేవలేదు. సంచి వైపు కళ్లతో చూపించింది.

"జేబులో ఫోనేమో అనుకుంటి సామీ. ఇస్త్రీ పెట్టె ఆనించబోయి ఆగి, చెయ్యి పెట్టి చూస్తి. తోలుది చేతికి తగిలె. పిల్లోడు ఈడనే ఉండె, వాణ్ణి ఇంటికి పంపిస్తి. ఎవురికీ చెప్పలే."

ఎవరి బట్టల జేబైనా చూడకుండా ఇస్త్రీ చేయదామె. అంతకు ముందు నెలే మా అల్లుడి చొక్కా జేబులో ఐదొందల నోటు దొరికితే తెచ్చి ఇచ్చింది. ఆ అలవాటు లేకపోతే ఏం జరిగేదో నేను రాయలేను. నిప్పుల పెట్టె, దాని కింద ఆరు తూటాలు నింపిన రివాల్వర్, పక్కన తొమ్మిదేళ్ల పిల్లవాడు. సంచి అందుకున్నప్పుడు దాని మీద ఆమె చేతి చెమట తడి ఇంకా ఉంది. ఆమెకు దండం పెట్టాను. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "పొయ్యి పెట్టుకోండి సామీ" అంది అంతే.

ఆ వారమే దాన్ని పద్ధతి ప్రకారం డీలరు ద్వారా అమ్మేసి మళ్లీ బరువైన .32 తీసుకున్నాను. ఒంటి మీద తుపాకీ ఉందని నిమిష నిమిషమూ తెలుస్తూ ఉండాలి. నడుము మీద గుచ్చుకోవాలి, కూర్చుంటే ఒత్తుకోవాలి, ఇంటికి రాగానే ఎప్పుడెప్పుడు తీసి బీరువాలో పెడదామా అనిపించాలి. అమ్మేవాళ్లు "సార్, పెట్టుకున్నట్టే ఉండదు" అని గొప్పగా చెబుతారు. నన్ను ఆ వీధిలోకి పరిగెత్తించింది ఆ గొప్పే. భద్రంగా దాచుకోవాల్సిన బాధ్యత చట్టం ప్రకారం మనదే, దుకాణంవాడిది కాదు.

కాల్చడం విషయంలో కూడా బరువే మేలు. రివాల్వర్ ట్రిగ్గర్‌ను హామర్ ఎత్తకుండా నేరుగా లాగాలంటే గట్టి బలం కావాలి. మీ బావమరిది మెచ్చుకున్న రకానికి మామూలుగా ఐదు కిలోల పైనే పడుతుంది. 415 గ్రాముల వస్తువును చేతిలో పట్టుకుని దాని మీద ఐదు కిలోల బలం పెడితే గొట్టం మూతి కదలకుండా ఉంటుందా? లెక్క వేసుకోండి: గురి చూసే వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య పది సెంటీమీటర్లు అనుకుంటే, ముందుది ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా ఏడు మీటర్ల దూరంలో ఏడు సెంటీమీటర్లు తప్పుతుంది. పొట్టి గొట్టం, తేలిక ఒళ్లు, రెండూ కలిస్తే మన చేతి వణుకంతా గురి మీద పడుతుంది. .32 తూటా పెద్దగా తన్నదు కాబట్టి నిర్భీక్ చేతిని నొప్పించదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ బరువైన దాంతో కాల్చినప్పుడు నా తూటాలు అరచేయి వెడల్పులో పడేవి, తేలిక దాంతో పళ్లెం వెడల్పు అయ్యాయి.

అది కూడా తెలిసింది ఎలాగంటే, మడికేరి వైపు నా స్నేహితుడొకాయన ఉన్నాడు, కొడగు ప్రాంతపు కొడవ కులస్థుడు. వాళ్లలో చాలామందికి రివాల్వర్‌కూ, డబుల్ బ్యారెల్‌కూ లైసెన్సు మినహాయింపు ఉంది. సెప్టెంబరులో వచ్చే కైల్‌పొద్ పండుగకు తుపాకులను పూలతో అలంకరించి పూజ చేస్తారు. తుపాకీని ఎలా పట్టుకోవాలో, గదిలోకి రాగానే ఎలా ఖాళీ చేయాలో నాకు నేర్పింది ఆయనే. సిలిండర్ తెరిచి, తూటాలు ఒక్కొక్కటీ వేలితో తాకి లెక్కపెట్టి, అప్పుడే ఎదుటివాడి చేతికి ఇస్తాడు. తరవాత తుపాకీ కాల్చే రేంజిలో సభ్యత్వం తీసుకుని సాధన చేశాను. నా లాంటి లైసెన్సుదారులు నాకు ఓ ఇరవై మంది తెలుసు. కొన్న తర్వాత పది తూటాలైనా కాల్చినవాళ్లు అందులో ముగ్గురు. మిగతావాళ్లవి బీరువాలో నూనె వాసనతో పడి ఉన్నాయి. లక్షలు పోసి కొంటారు, సాధనకు ఒక ఆదివారం పోనివ్వరు. ఇది నాకు అర్థం కాదు.

ఎన్నికల గొడవ కూడా చెప్పాలి. ఎన్నికల ప్రకటన రాగానే తుపాకీ అప్పగించమంటారు. 2023 అసెంబ్లీకి, 2024 లోక్‌సభకు రెండుసార్లూ నేను అప్పగించాను. అప్పగించేటప్పుడు నంబరు సరిగ్గా రాసిన రసీదు తీసుకోండి. వెనక్కి వచ్చినప్పుడు అక్కడే తెరిచి లోపల తుప్పు చూసుకోండి. ఒకసారి నాది తేమ పట్టి, హామర్ పక్కన గోధుమ రంగు చుక్కలతో తిరిగి వచ్చింది. అలాగే మాల్‌కు పోతే గేటు దగ్గర ఆపేస్తారు, పెట్టడానికి లాకర్ ఉండదు. గుడికి పోవాలంటే ఇంట్లో వదలాలి. ఈ ఊళ్లో రోజంతా జేబులో మోయడమన్నదే కుదరని పని.

అయినా మీరు జేబే అంటారా? అయితే కొనకముందు ఒక పని చేయండి. దళసరి గుడ్డ సంచిలో అర కిలో పంచదార పోసి, మూతి గట్టిగా కుట్టించి, కుడి జేబులో వేసుకుని పది రోజులు తిరగండి. స్కూటరెక్కండి, ఆఫీసులో కూర్చోండి, బాత్రూముకు వెళ్లండి, రాత్రి ప్యాంటు మార్చుకోండి. పదకొండో రోజు పొద్దున ఆ సంచి ఎక్కడుందో, ఎన్నిసార్లు కుర్చీ మీద మరిచిపోయారో మీ ఇంట్లోవాళ్లను అడగండి. ఆ తర్వాత దుకాణానికి వెళ్లండి. లైసెన్సులో కొనుగోలు గడువు రాసి ఉంటుంది, అది దాటకుండా మాత్రం చూసుకోండి. పది రోజులు ఆగినంత మాత్రాన ఏమీ పోదు.