ఆల్ఫా, బీటాలకు గుణింతాలు ఎందుకు లేవు?

ప్రశ్న: మా పిల్లలు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు రాస్తారు. రెండింటికీ గుణింతాలు ఉన్నాయి. గణితంలో వచ్చే గ్రీకు అక్షరాలకు అవి ఎందుకు లేవు? ఆ లిపిని గ్రీకులే కల్పించారా?
– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: గ్రీకులు ఆ లిపిని ఫినీషియన్ల దగ్గర నేర్చుకున్నారు. వీరు నేటి లెబనాన్ తీరానికి చెందిన సముద్ర వర్తకులు. ఈ అక్షరాలు ఫినీషియన్ల వెంట వచ్చాయని క్రీ.పూ. 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా రాశాడు. క్రీ.పూ. 740 ప్రాంతానికి చెందిన ఒక మట్టి కూజా ఏథెన్సులో దొరికింది. దానిమీద, అందరికంటే చక్కగా నర్తించినవారికి ఇది బహుమతి అనే అర్థంలో ఒక పద్యపాదం గీసి ఉంది. అంటే అప్పటికే ఆ లిపి పద్యం రాసుకునేంతగా అలవాటైపోయింది.

ఫినీషియన్ లిపిలోని 22 అక్షరాలూ హల్లులే. అచ్చులను చదువరి సందర్భాన్ని బట్టి పూరించుకోవలసిందే. ఆ అక్షరాల్లో కొన్ని గ్రీకులో లేని గొంతు ధ్వనులకు గుర్తులు. ఆ ధ్వనులతో పనిలేని గ్రీకులు ఆ గుర్తులను అచ్చులకు వాడుకున్నారు: 'ఆలెఫ్' ఆల్ఫాగా మారి 'అ'కూ, 'అయిన్' ఒమిక్రాన్‌గా మారి 'ఒ'కూ గుర్తులయ్యాయి. అచ్చుకు హల్లుతో సమానమైన స్థానం ఇవ్వడమే, నా దృష్టిలో, గ్రీకులు చేసిన అసలైన పని.

మన 'క'లో 'అ' ఇమిడి ఉంటుంది. గుడి పెడితే 'కి' అవుతుంది. గ్రీకు 'కప్పా' వట్టి 'క్' మాత్రమే కాబట్టి, 'కి' రాయాలంటే దాని పక్కన 'ఇయోటా' అనే మరో అక్షరాన్ని నిలపాలి. అందుకే అక్కడ గుణింతం అవసరం రాలేదు. ఈ తేడాకు మీ జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. ఋషికుల్య నది దగ్గర జౌగడ కొండరాతి మీద అశోకుడు చెక్కించిన రెండవ శాసనంలో అంతియోకుడనే యవన (గ్రీకు) రాజు ప్రస్తావన వస్తుంది. ఆ పేరులోని 'తి'ని, తెలుగు, ఒడియా లిపులకు మూలమైన బ్రాహ్మీలో 'త' తలమీద చిన్న గీత చేర్చి చెక్కారు. ఆ వంశపు రాజులు వేయించిన నాణేల మీద అదే ధ్వనికి 'టౌ', 'ఇయోటా' అనే రెండు అక్షరాలు పక్కపక్కన కనిపిస్తాయి. వీలైతే పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి ఆ శాసనాన్ని తప్పక చూపించండి.

ప్రశ్న: గ్రీకు అక్షరాలు మొదటి నుంచీ 24 మాత్రమేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: కాదు. తొలినాళ్లలో ఒక్కో నగరానికి ఒక్కో వరస ఉండేది. రాసే దిశ కూడా స్థిరపడలేదు. ఒక పంక్తిని కుడి నుంచి ఎడమకు రాస్తే తర్వాతి పంక్తిని ఎడమ నుంచి కుడికి రాయడమూ ఉండేది. క్రీ.పూ. 403లో ఏథెన్సు అయోనియా (నేటి టర్కీ పశ్చిమ తీరంలోని గ్రీకు ప్రాంతం) వాడిన 24 అక్షరాల వరసను అధికారికంగా స్వీకరించింది. క్రమంగా మిగిలిన నగరాలూ దాన్నే అనుసరించాయి. 'వ' ధ్వనికి వాడిన డిగామా, 'క'కు మరో గుర్తు అయిన కొప్పా అలా వరస నుంచి తప్పుకున్నా, అంకెలుగా మాత్రం నిలిచాయి: డిగామా 6కు, కొప్పా 90కి. పశ్చిమాన ఇటలీకి చేరిన పాత వరసలో ఆ రెండూ ఉండేవి కనుక, ప్రాచీన ఇటలీ వాసులైన ఎట్రుస్కన్ల ద్వారా రోమన్లకు అంది, నేటి ఇంగ్లీషు లిపిలో 'ఎఫ్', 'క్యూ' అక్షరాలయ్యాయి.