ఫోన్లో చేసే జ్ఞాపకశక్తి పరీక్షను నమ్మొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. అమ్మా నాన్నా వేరే ఊళ్లో ఉంటారు. కొన్ని నెలలుగా ఆయన అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఆసుపత్రికి రమ్మంటే రానంటున్నారు. ముందు ఫోన్లో పరీక్ష చేద్దామని డాక్టర్ అన్నారు. నాన్నకు వినికిడి కూడా కాస్త తక్కువే. ఆ పరీక్షను నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చు. కాకపోతే డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా తగ్గే జబ్బు) ఉందో లేదో అది తేల్చదు. ఇంకా లోతుగా చూడాలా అన్నది మాత్రం చెబుతుంది.

1988 నుంచీ వాడుకలో ఉన్న ‘టిక్స్’ అనే ఫోన్ పరీక్షకు మొత్తం 41 మార్కులు. తేదీ చెప్పడం, 20 నుంచి వెనక్కి లెక్కపెట్టడం, 10 పదాలు విని తిరిగి చెప్పడం, 100లోంచి ఏడేసి తీసేస్తూ పోవడం లాంటివి అడుగుతారు. సాధారణంగా 30, అంతకన్నా తక్కువ వస్తే అనుమానిస్తాం. ‘మోకా’ అనే మరో పరీక్ష ఎదురుగా కూర్చోబెట్టి చేస్తే 30 మార్కులకు, ఫోన్లో అయితే 22కే. గడియారం బొమ్మ గీయడం, ఘనం (క్యూబ్) బొమ్మను చూసి వేయడం, జంతువుల బొమ్మలు గుర్తుపట్టడం వంటివి ఫోన్లో కుదరవు కాబట్టి ఆ 8 మార్కులు పోతాయి. అందుకే దారి తప్పడం, వస్తువులు కళ్లముందున్నా పోల్చుకోలేకపోవడం ఉంటే ఫోన్ పరీక్ష ఒక్కటే చాలదు. అలాంటివి ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.

నేను ఎక్కువగా చూసేది పదాలు గుర్తుచేసుకునే భాగం. ‘మోకా’లో ఐదు పదాలు రెండుసార్లు చదివి, ఐదు నిమిషాలయ్యాక అడుగుతాం. గుర్తురాకపోతే ‘అదొక పువ్వు’ అని ఆధారం ఇస్తాం. దానికి మార్కు ఉండదు. కానీ ఆధారం ఇవ్వగానే పదం తడితే అది లోపల ఉన్నట్టే, వెతుక్కోవడమే కష్టమవుతోంది. ఎంత అందించినా రాకపోతే అసలు మనసుకెక్కలేదేమోనని ఆలోచించాలి. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే.

మీ నాన్నగారి విషయంలో అసలు చిక్కు వినికిడి. తొంభై మూడు అంటే డెబ్బై మూడని వినపడినా, పదం సరిగా చెవిన పడకపోయినా మతిమరుపు కింద లెక్కకొస్తుంది. చెవిలో గుబిలి ఉంటే ముందు తీయించండి. వినికిడి యంత్రం ఉంటే పెట్టుకోమనండి. ల్యాండ్‌లైన్ ఉంటే అదే మేలు. పదాలు వినగానే అప్పచెప్పలేకపోతే పరీక్ష అక్కడే ఆపి, నేరుగా చేయించుకోవాలి.

టీవీ కట్టేయండి. క్యాలెండర్, కాగితం, పెన్ను గదిలో ఉండకూడదు. అమ్మగారు దగ్గరుండి ఫోన్ కలిపి పక్కగదిలోకి వెళ్లాలి. ప్రేమకొద్దీ పక్కనుంచి అందించే ఒక్క జవాబుతో ఫలితం తారుమారవుతుంది. నిద్రమాత్ర మత్తులోనో జ్వరంలోనో ఉంటే వాయిదా వేయండి. ఎంతవరకు చదువుకున్నారో డాక్టర్‌కు చెప్పండి, పెద్దగా చదువుకోనివారికి తీసివేతల్లో మార్కులు పోవడం జబ్బు కాదు.

మీతో, అమ్మగారితో కూడా విడిగా మాట్లాడమనండి. ‘ఏడీ8’ అనే ఎనిమిది ప్రశ్నలు ఇంట్లోవాళ్ల కోసమే ఉన్నాయి: డబ్బు లెక్కలు తప్పుతున్నారా, అపాయింట్‌మెంట్లు మరిచిపోతున్నారా అని. మునుపటితో పోలిస్తే మార్పు వచ్చిందని రెండింటికైనా చెబితే, మార్కులు బాగున్నా వదిలేయకూడదు.

మార్కులు తక్కువొస్తే థైరాయిడ్, బీ12, డిప్రెషన్, వాడే మందులన్నీ చూడాలి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఆపైన అవసరాన్నిబట్టి మెదడు స్కాన్. బాగానే వస్తే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు వేరే పదాల జాబితాతో మళ్లీ చేయించండి. అవే పదాలైతే అలవాటుతో మార్కులు పెరుగుతాయి.

గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో అయోమయం మొదలైనా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యో కాలో పట్టుతప్పినా ఫోన్ పరీక్ష కోసం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.