మైలేజీ బ్రేకు దగ్గర పోతోందిరా

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

బండి లీటరుకి 8 కిలోమీటర్లు దాటట్లేదని, అమ్మేసి చిన్నది కొనుక్కోనా అని అడిగావు. రెండు టన్నులు దాటిన ఏడు సీట్ల బండి చిన్న కారులా మైలేజీ ఇవ్వదు, ఆ ఆశ పెట్టుకోకు. కానీ ఒక లెక్క చూడు. లీటరుకి 8 చొప్పున 1,000 కిలోమీటర్లకి 125 లీటర్లు తాగుతుంది. అదే 9.5 ఇస్తే 105 చాలు. 20 లీటర్లు మిగిలాయి కదా. 16 ఇచ్చే చిన్న కారుని అదే ఒకటిన్నర పెంచి 17.5 చేశామనుకో, మిగిలేది 5 లీటర్ల పైచిలుకే. ఎక్కువ తాగే బండి దగ్గరే కాస్త జాగ్రత్తకి ఎక్కువ ఫలితం. కాబట్టి అమ్మకానికి తొందరపడకు.

ముందు ఆ 8 ఎక్కడిదో చెప్పు. డాష్‌బోర్డు చూపించిందయితే దాన్ని పూర్తిగా నమ్మకు. ట్యాంకు నింపించి, పంపు దానంతటది ఆగిన చోట ఆపించి, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యి. తర్వాతిసారి అదే బంకులో అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించు. ఒక్క ట్యాంకుతో ఏమీ తేలదు, మూడు నాలుగు చూడాలి. కంపెనీ ఇచ్చిన వాటికన్నా పెద్ద టైర్లు వేయించి ఉంటే మాత్రం మీటరు అసలు దూరం కన్నా తక్కువ చూపిస్తుంది, అది గుర్తుపెట్టుకో.

నేనూ చాన్నాళ్ళు ఇంజనునే తిట్టుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ మార్చాను, ప్లగ్గులు మార్చాను, ఎవరో చెప్పారని పెట్రోలు పైపుకి అయస్కాంతం కూడా కట్టించాను (నవ్వకు). ఓ రోజు మీ అత్తయ్య పక్కన కూర్చుని, "అక్కడ ఎర్ర లైటు కనిపిస్తూనే ఉందిగా, ఇంకా ఎందుకు తొక్కుతున్నారు?" అంది. నా మైలేజీ ఎక్కడ పోతోందో ఆ రోజు తెలిసింది.

అంత బరువుని 60 వేగానికి తేవడానికి పెట్టిన శక్తంతా బ్రేకు నొక్కగానే డిస్కుల్లో వేడిగా పోతుంది. నీ బండి బరువుకి ఉజ్జాయింపుగా లెక్క వేశాను. ఒకసారి ఆగి మళ్ళీ 60 అందుకోవడానికి 35 మిల్లీలీటర్ల దాకా పెట్రోలు కావాలి. ముప్పైసార్లు ఆగి లేస్తే లీటరు అయిపోయినట్టే. అందుకే ముందున్న ఒక్క బండినే కాదు, దాని ముందు మూడో బండిని కూడా చూస్తూ నడుపు. దూరం ఉంచు. ఆగాల్సి వస్తుందనిపించగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యి, గేరు మాత్రం తియ్యకు. గేరులో ఉండి కాలు తీస్తే ఇప్పటి ఇంజన్లు పెట్రోలు పోయడమే ఆపేస్తాయి, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగకుండా ఉండటానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. పైగా దిగుడులో న్యూట్రల్ చేస్తే భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. మిగతా ఏది మరిచిపోయినా ఇది మరవకు.

హైవే మీద కథ వేరు. అక్కడ బ్రేకు పని తక్కువ, గాలి దెబ్బ ఎక్కువ. 80లో వెళ్ళే బండిని 100కి తీసుకెళితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నీది ఎత్తుగా, వెడల్పుగా, గోడలా ఉన్న బండి. దాని నెత్తిన ఆ క్యారియర్ ఒకటి! పోయిన సెలవుల్లో సామాను కోసం బిగించావు, ఇంకా అలాగే ఉంది కదూ? ఖాళీగా ఉన్నా గాలిని అడ్డుకుంటుంది. ఈ ఉత్తరం చదవగానే విప్పెయ్యి.

టైర్లలో గాలి నెలకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూడు. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే ఆ స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండేది గరిష్ఠం, అంత కొట్టించకు. నలుగురే వెళ్ళినప్పుడు ఒక అంకె, బండి నిండా జనం, సామాను ఉన్నప్పుడు ఇంకో అంకె ఉంటుంది.

మిగతావి చిన్నవి. ఎవరి కోసమైనా నిమిషం దాటి ఆగాల్సొస్తే ఇంజను ఆపు. ఏసీ గురించి పెద్ద టెన్షన్ వద్దు. ఊళ్ళో నెమ్మదిగా వెళుతున్నప్పుడు అద్దాలు దించుకో, హైవే మీద అద్దాలెత్తి ఏసీ వేసుకో. మామూలు తారు రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ మీట జోలికి వెళ్ళకు. ఎయిర్ ఫిల్టర్ మురికిపడితే మార్చు, కానీ ఈ కాలపు పెట్రోలు ఇంజన్లో దానివల్ల మైలేజీ పెరుగుతుందని ఎదురుచూడకు. డాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలిగితే మాత్రం నాన్చకు, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి ఇంజనుకి చెప్పేది) పాడయితే బండి విపరీతంగా తాగేస్తుంది.

ఇంకోటి. కాసేపు నడిపి దిగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు. తాకకు, దగ్గరగా పెడితే చాలు. ఒకటి మాత్రమే ఎక్కువ కాగుతుంటే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉంటుంది. నాకలా ఒకసారి వెనక చక్రం పట్టేసింది. సర్వీసింగ్‌కి ఇచ్చి తెచ్చిన వారానికే, వాళ్ళు చూడనే లేదు.

క్యారియర్ విప్పకముందు రెండు ట్యాంకులు, విప్పాక రెండు ట్యాంకులు వేరువేరుగా రాసి పంపు. అయ్యో, ఇందాకే విప్పెయ్యమన్నాను కదూ. సరే, పాత బిల్లులుంటే వాటితోనే లెక్క కట్టు.

ఇట్లు,
మీ మావయ్య