ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌ను (సంస్థ పనులు, సమాచారం, ఐటీ వ్యవస్థలు ఎలా అమరి ఉండాలో చెప్పే ప్రణాళికను) బయటి భాగస్వాములకు విస్తరించేటప్పుడు వారి వ్యవస్థలను కూడా మనమే రూపకల్పన చేయాలా?

అక్కర్లేదు. భాగస్వామి సంస్థ లోపలి నిర్మాణంపై మనకు అధికారం ఉండదు కనుక, రెండు సంస్థలు కలిసే చోట ఏ సమాచారం, ఏ రూపంలో, ఎవరి బాధ్యతపై చేతులు మారుతుందో ఖరారు చేయడమే అసలు పని.

2016లో మొదలైన యూపీఐని చూడండి. ప్రతి బ్యాంకూ ఖాతాలు, లావాదేవీల లెక్కలు చూసే తన కోర్ బ్యాంకింగ్ వ్యవస్థను తానే నడుపుకుంటుంది. యూపీఐని నిర్వహించే ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) ప్రధానంగా నిర్దేశించేది సందేశాల రూపాన్ని, భద్రతా నియమాలను, సర్టిఫికేషన్‌ను, వివాదాల పరిష్కార పద్ధతిని. ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లు సైతం భాగస్వామి బ్యాంకుల ద్వారానే ఇందులో చేరతాయి. విఫలమైన లావాదేవీలను కూడా వర్గాలుగా విడదీస్తారు: ఖాతాదారు తప్పు పిన్ నమోదు చేయడం, ఖాతాలో డబ్బు చాలకపోవడం వంటివి ఒక వర్గం కాగా, బ్యాంకు లేదా ఎన్‌పీసీఐ వ్యవస్థ స్పందించకపోవడం మరొకటి. లోపం ఎవరి వైపు ఉందో ఇలా ముందే నిర్వచించుకోకపోతే నింద ఒకరి నుంచి మరొకరికి తిరుగుతూనే ఉంటుంది. నా దృష్టిలో ఆర్కిటెక్చర్ పటాలు గీయడం కన్నా ఇదే ముఖ్యం.

రెండు వ్యవస్థలు కలిసే ఆ చోటు, అంటే ఇంటర్‌ఫేస్, మారినప్పుడు పాత వెర్షన్ ఎంతకాలం నడుస్తుందో కూడా ఒప్పందంలోనే రాసుకోవాలి, ఎందుకంటే మన విడుదల తేదీలకు భాగస్వామి కట్టుబడి ఉండనక్కర్లేదు.