సెలవు రోజులన్నీ ఆ వ్యాన్ కిందే గడిచిపోతున్నాయి

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. ఆరేళ్ల క్రితం, 1974లో తయారైన ఒక ఫోక్స్‌వాగన్ క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న బండి) కొన్నారు. అందులో ఊళ్లు తిరగాలని ఇద్దరం ముచ్చటపడ్డాం కానీ ఇప్పటికి రెండుసార్లే వెళ్లాం. రెండేళ్ల క్రితం ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆయనకు ఆ బండే లోకం. నాకు చెప్పకుండా అప్పు చేసి ఇంజిన్ బాగు చేయించారని ఈమధ్యే తెలిసింది. అమ్మేయమన్నందుకు మాట్లాడటం మానేశారు. ఇది జబ్బా? నేనేం చేయాలి?

జవాబు: పాత బండి మీద ఇంత మమకారం ఉన్నంత మాత్రాన దాన్ని జబ్బు అనలేం. ఆయన ఎన్ని గంటలు దాని కింద పడుకుంటున్నారన్నదాని కంటే, మీ దగ్గర అప్పు దాచారన్నదీ, మాట మానేశారన్నదీ నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నాయి.

ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. గాలితో చల్లబడే ఆ పాత ఇంజిన్‌లో ప్రతి లోపానికీ కారణం దొరుకుతుంది. కార్బ్యురేటర్ శుభ్రం చేసి, వాల్వుల సందు సరిచేస్తే, మొరాయించిన బండి మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఉద్యోగం పోయాక, తన చేతి పనికి వెంటనే ఫలితం కనిపించేది బహుశా అక్కడొక్కచోటే కావచ్చు. అందుకే మీరు వ్యాన్ అమ్మేయమన్నప్పుడు, తనలో మిగిలిన పనితనం కూడా అక్కరలేదన్నట్టు ఆయనకు వినిపించి ఉంటుంది. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు.

అయితే ఈ పనికి దానంతటదే ముగింపు రాదు. 1950లో మొదలైన ఈ వ్యాన్ల తయారీ బ్రెజిల్‌లో 2013 వరకూ సాగింది కనుక విడిభాగాలు నేటికీ దొరుకుతూనే ఉంటాయి. ఇక తుప్పు సంగతి చెప్పనక్కరలేదు, ఒకచోట రేకు కోసి వెల్డింగ్ చేస్తుంటే ఆ పక్కనే మరో చిల్లు బయటపడుతుంది. ఎక్కడ ఆపాలో మీరిద్దరే నిర్ణయించుకోవాలి.

ముందు వ్యాన్ ఊసెత్తకుండా అప్పు గురించే మాట్లాడండి. “బండికి ఖర్చు పెట్టినందుకు కాదు, నాకు చెప్పనందుకు బాధపడ్డాను” అని సూటిగా చెప్పి, కాగితాలన్నీ ముందు పెట్టుకుని, ఎంత బాకీ ఉందో, నెలకు ఎంత తీర్చగలరో కలిసి రాసుకోండి. బండికి నెలకు ఇంత అని, అది దాటితే ఇద్దరూ ఒప్పుకోవాలని ఆ రోజే అనుకోండి.

ఆ తర్వాత ఒక చిన్న ప్రయాణానికి తేదీ పెట్టుకుని, ఆలోగా ప్రాణరక్షణకు అవసరమైన పనులు మాత్రమే చేయమనండి: బ్రేకులు, సీటుబెల్టులు బిగించే చోట తుప్పు, ఎండి పగిలిన పెట్రోల్ గొట్టాలు. పెట్రోల్ కారి వేడి ఇంజిన్ మీద పడితే మంటలు లేస్తాయి. హీటర్‌ను మాత్రం తెలిసినవారితో పరీక్ష చేయించకుండా వాడవద్దు. ఈ బండ్లలో లోపలికి వెచ్చదనం పొగగొట్టాల వేడి నుంచే వస్తుంది కాబట్టి, అక్కడ తుప్పు తింటే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి చేరే ప్రమాదం ఉంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఆయన బండి కింద దూరుతుంటే, గట్టి స్టాండ్లు పెట్టేదాకా ఒప్పుకోకండి. ఈ విషయంలో గొడవైనా ఫర్వాలేదు. రంగులూ పరదాలూ తిరిగి వచ్చాక చూసుకోవచ్చు.

నిద్ర, ఆకలి తగ్గిపోయినా, పనిముట్లు ముట్టకుండా వ్యాన్‌లో గంటల తరబడి ఊరకే కూర్చుంటున్నా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగడానికి వెనుకాడకండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

ఒక్క విషయం మాత్రం మీరు ఉత్తరంలో రాయలేదు: ఆయనతో కలిసి అందులో తిరగాలని మీకు ఇంకా ఉందా? ఉంటే అప్పు మాట ఎత్తే రోజునే అదీ ఆయనకు చెప్పండి. లేకపోతే, తేదీ పెట్టుకోక ముందే చెప్పండి.