తుపాకీ సంగతి తర్వాత, ముందు వీధిని సంపాదించుకో

చిన్నీకి,

మావయ్య ఆశీస్సులు. మద్యనిషేధ కాలపు అమెరికాలో దొంగసారా వ్యాపారం నడిపే కంప్యూటర్ ఆట 'సిటీ ఆఫ్ గ్యాంగ్‌స్టర్స్' మొదలుపెట్టావనీ, ఎన్నిసార్లు ఆడినా డబ్బులైపోయి చేతులెత్తేయాల్సి వస్తోందనీ రాశావు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ నిదానంగా చూశాను. గ్యాంగ్‌లో మనుషులున్నారు, చేతుల్లో ఆయుధాలున్నాయి, డబ్బు మాత్రం అడుగంటింది. చుట్టుపక్కల వీధుల్లో నిన్ను నమ్మే దుకాణదారు ఒక్కడూ కనిపించలేదు. నీ కష్టమంతా ఆ చివరి మాట దగ్గరే ఉంది.

పేరులో గ్యాంగ్‌స్టర్స్ అని ఉంది కాబట్టి కొట్లాటే ప్రధానమని ఎవరైనా అనుకుంటారు. కానీ ఎవరు చేశారో చూడు. 2021లో దీన్ని తెచ్చిన సోమాసిమ్ అనే చిన్న స్టూడియో అంతకు ముందు '1849' అనే ఆటలో బంగారం వేట కాలపు కాలిఫోర్నియా ఊళ్లు కట్టించింది. 'ప్రాజెక్ట్ హైరైజ్'లో పెద్ద భవనం లేపి, అందులో అద్దెకుండేవాళ్లకు కావలసినవన్నీ అమర్చి లాభం తీయమంది. ఆ చేతులే ఇదీ చేశాయి. అందుకే దీని లోపల ఉన్నది సరుకు, రవాణా, పరపతి. తుపాకీ ఉంది, కానీ అది పక్కవాయిద్యం.

ముందు కాలం సంగతి అర్థం చేసుకో, ఆట సగం అర్థమవుతుంది. అమెరికాలో మద్యనిషేధం 1920 జనవరి 17న అమల్లోకి వచ్చి 1933 డిసెంబర్ 5 దాకా సాగింది. చట్టం సరుకును ఆపింది గానీ దాహాన్ని ఆపలేదు. కొనేవాళ్లు అన్ని వీధుల్లోనూ ఉన్నారు, అమ్మే ధైర్యం కొందరికే ఉంది. ఆటలో నీ స్థానం కూడా అదే. గిరాకీ సృష్టించాల్సిన పని నీకు లేదు, అది ముందే ఉంది. సరుకు సమయానికి చేరవేసి, చేరవేసే దారిని కాపాడుకోవడమే నీ పని.

అన్నిటికన్నా ముఖ్యం మనుషులు. కొత్త ఆట మొదలుపెట్టి, నీ ఇంటికి దగ్గరగా ఉన్న దుకాణం మీద క్లిక్ చేసి, కాసేపు ఏమీ చేయకుండా చదువు. యజమాని ఎవరు, ఏ దేశం నుంచి వచ్చిన కుటుంబం, ఎవరితో చుట్టరికం, ఎవరితో స్నేహం, నీ మీద అభిప్రాయం ఏమిటి, అన్నీ అక్కడే ఉంటాయి. చాలామంది ఈ పేజీని దాటేసి నేరుగా కొను, అమ్ము బటన్ల మీదికి వెళ్లిపోతారు. అక్కడే దెబ్బతింటారు. ఈ ఆటలో ఊరంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఒకడికి చిన్న సాయం చేస్తే వాడి బావమరిదికీ స్నేహితుడికీ నీ మీద సదభిప్రాయం కలుగుతుంది. అదే ఒకడి మీద చెయ్యి చేసుకుంటే, నువ్వెప్పుడూ చూడని నాలుగు వీధుల అవతలి మనిషి కూడా నీకు సరుకు అమ్మనంటాడు.

కాబట్టి మొదట్లో లాభం తక్కువైనా పరవాలేదు, సాయాలు పోగుచెయ్యి. ఒక కొట్టువాడికి అవసరమైన సరుకు తెచ్చిస్తే వాడు నీకు రుణపడతాడు. ఆ రుణాన్ని వెంటనే డబ్బుగా మార్చుకోవాలని ఆత్రపడకు. పరిచయంగా వాడుకో. 'నీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే నన్ను వాళ్లకు పరిచయం చెయ్యి' అని అడుగు. ఆ ఒక్క పరిచయంతో కొత్త వీధి తలుపు తెరుచుకుంటుంది. డబ్బు పోతే నాలుగు ట్రిప్పుల్లో వస్తుంది. చెడిన పేరు బాగుపడటానికి చాలా టర్న్‌లు, అంటే ఆటలో చాలా వంతులు, పడతాయి. మొదటి పరిచయాలకు, నీ పాత్రకు నువ్వు ఎంచుకున్న వర్గంవాళ్లనే, అంటే అదే దేశం నుంచి వచ్చినవాళ్లనే చూసుకో. వాళ్లతో నమ్మకం త్వరగా కుదురుతుంది. అక్కడ స్థిరపడ్డాక మిగతావాళ్ల దగ్గరికి వెళ్లు.

ఇది ఆట కోసం కల్పించిన ఏర్పాటేమీ కాదు. షికాగోలో జెన్నా సోదరులు ఇటాలియన్ పేటలోని పేద కుటుంబాల ఇళ్లలోనే సారా బట్టీలు పెట్టించి, వాటిని చూసుకున్నందుకు రోజుకు 15 డాలర్లు ఇచ్చేవారని చెబుతారు. వాళ్ల బలం వాళ్ల పేటలోని వంటిళ్లలో ఉండేది. చట్టవిరుద్ధమైన వ్యాపారమైనా చుట్టూ ఉన్న జనం నోరు మెదపకుండా ఉంటేనే నిలుస్తుంది. ఆట చేసినవాళ్లు ఈ సంగతి బాగా పట్టుకున్నారు. నాకు ఈ ఆట మీద ఇంత గౌరవం ఉండటానికి కారణం అదే.

ఇక రవాణా. నీ స్క్రీన్‌షాట్‌లో కారు తూర్పు చివరి నుంచి పడమటి చివరికి ఖాళీగా తిరిగి వస్తోంది. అలా వచ్చే ప్రతి ట్రిప్పూ దండగే. సరుకు దింపిన చోటికి దగ్గర్లో ఏం కొనొచ్చో చూసుకుని, వచ్చేటప్పుడు తయారీకి కావలసినది నింపుకుని రా. వెళ్లేటప్పుడు సీసాలు, వచ్చేటప్పుడు ముడిసరుకు. బట్టీ ఎక్కడ పెట్టాలన్నది కూడా దీన్ని బట్టే తేల్చుకో. ముడిసరుకు దొరికే చోటుకీ కొనేవాళ్లకీ మధ్యలో ఉండాలి. చౌకగా వచ్చింది కదా అని ఊరి చివర పెడితే, ఆ తేడా అంతా తిరుగుడులోనే పోతుంది. ఒక దారి ఇబ్బంది లేకుండా నడిచేదాకా రెండో దారి తెరవకు. రెండో సరుకు మొదలుపెట్టకు. టెన్షన్ పడి అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్ల ఆటలే ముందు కూలిపోతాయి.

దారి ఎంత విలువైనదో తెలియాలంటే అమెరికా సరిహద్దు నగరం డెట్రాయిట్ చరిత్ర చాలు. నదికి అవతల కెనడాలోని విండ్సర్. అక్కడ ఎగుమతి కోసం మద్యం తయారుచేయడం చట్టబద్ధం, ఇవతల ఒడ్డున దించడం నేరం. చలికాలంలో నది గడ్డకట్టినప్పుడు ఆ మంచు మీదుగానే కార్లు నడిపారు. దారి ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లదే.

పోలీసుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కెప్టెన్‌తో ముందే మంచిగా ఉండు, మామూళ్లు సమయానికి పంపు. కేసు మీద పడ్డాక బేరమాడితే రేటు పెరుగుతుంది. మనుషులను కూడా పని ఉంటేనే పెట్టుకో. కూర్చున్నవాడికీ జీతం ఇవ్వాల్సిందే.

ప్రత్యర్థి గ్యాంగ్‌లు కనిపించగానే నీకు చెయ్యి దురద పెడుతోంది, అది తెలుస్తూనే ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకు. జానీ టోరియో పేరు విన్నావో లేదో. సాధువేమీ కాదు, కానీ షికాగోను గ్యాంగ్‌ల మధ్య హద్దులుగా పంచి, ఎవరి వాటా వాళ్లు అమ్ముకునేలా ఒప్పించినవాడు. ఆ ఒప్పందం నిలిచినంతకాలం అందరికీ డబ్బొచ్చింది. అది చెడిపోయాక 1925లో అతని మీదే కాల్పులు జరిగాయి. ప్రాణాలతో బయటపడి, పెత్తనం తన అనుచరుడు ఆల్ కపోన్‌కి అప్పగించి వెళ్లిపోయాడు. తర్వాత 1929 ఫిబ్రవరి 14న ఒక గ్యారేజీలో ఏడుగురిని కాల్చి చంపారు, అనుమానం కపోన్ మీదికే వెళ్లింది. దేశమంతా అట్టుడికిపోయింది, కేంద్ర ప్రభుత్వం కపోన్ వెంట పడింది. 1931లో అతనికి 11 ఏళ్ల శిక్ష పడింది. అదీ హత్యలకు కాదు, పన్ను ఎగవేతకు. ఆటలోనూ ఇంతే. ఒక గొడవలో నువ్వు గెలిచినా, దాని తర్వాత చుట్టాల పగ, పోలీసుల నిఘా, గాయపడ్డ మనుషులు, ఆగిపోయిన కారు, వీటన్నిటి ఖర్చు నీదే. సరిహద్దు వీధిలో నీకు పది మంది దుకాణదారులు ఆప్తులైతే, అవతలి గ్యాంగ్ అక్కడ కాలు పెట్టడానికే ఆలోచిస్తుంది.

ఇదంతా విన్నాక కూడా నీకు కాల్పులే ఇష్టమనిపిస్తే అందులో తప్పేం లేదు. 2020లో వచ్చిన 'ఎంపైర్ ఆఫ్ సిన్' ఆడు. అదీ అదే షికాగో, కానీ అందులో పోరాటానికి పెద్దపీట వేశారు. 1998 నాటి 'గ్యాంగ్‌స్టర్స్: ఆర్గనైజ్డ్ క్రైమ్' కూడా దొరికితే చూడు. వారానికి సరిపడా ఆదేశాలు ముందే ఇచ్చేసి, తర్వాత ఊరు కదులుతుంటే చూడాలి. పాతబడిన బొమ్మలే గానీ, ముందుచూపు నేర్పడంలో దానికి సాటి లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. పాత సేవ్‌ని, అంటే ఇంతవరకు ఆడి దాచుకున్న ఆటని, చెరిపెయ్యకుండా పక్కన పెట్టు. కొత్తగా మొదలుపెట్టి, ఇంటి చుట్టూ ఉన్న దుకాణాల్లో సగానికి పైగా నిన్ను ఇష్టపడేదాకా ఆయుధాల జోలికి పోకు. మొదటి బట్టీ పెట్టే చోటు ఎంచుకున్నాక, డబ్బు కట్టకముందే మ్యాప్ ఫొటో తీసి నాకు పంపు. ముడిసరుకు ఎక్కడ కొంటున్నావో, సీసాలు ఎవరికి అమ్మబోతున్నావో కూడా రాయి. చూసి, చోటు మార్చాలో వద్దో చెప్తాను.

ఇట్లు,
మావయ్య